కటేనా జపాటా మాల్బెక్‌లు: కొన్నేళ్లు తాగాక నా లెక్క

అర్జెంటీనా వైన్ సంస్థ కటేనా జపాటా వాళ్ల రెడ్‌వైన్లలో ఏది కొనాలని ఎవరడిగినా నేను ‘కటేనా ఆల్టా’ అనే చెప్తాను. డాలస్ వచ్చినప్పటి నుంచీ మాల్బెక్ అనే నల్ల ద్రాక్షతో వీళ్లు చేసే వైన్లలో మూడు రకాలు తాగుతున్నా. మామూలు మాల్బెక్ 20 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది, వారాంతానికి ఢోకా లేదు. ‘మాల్బెక్ అర్జెంటీనో’ నూరు దాటుతుంది. పెట్టిన డబ్బు గ్లాసులో కనిపించేది మాత్రం మధ్యలో ఉన్న ఆల్టాలోనే.

గ్లాసు వంచి తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తే అంచు దాకా చిక్కటి ఊదా. నోట్లో ముందు నేరేడు పండే. ఆ తీపి, వెనకాలే ఆ వగరు, నాలుక మీద మిగిలే రంగుతో సహా! కాసేపాగితే పీపా చెక్క తాలూకు కాఫీ వాసన. అన్నిటికన్నా నాకు నచ్చేది చివర్లో తగిలే పులుపు. చాలా మాల్బెక్‌లు రెండో గ్లాసుకే జామ్‌లా మొహం మొత్తుతాయి, ఇది మొత్తదు.

అదంతా ఎత్తు మహిమ. సంస్థ నడిపిన నికోలస్ కటేనా 1992లో మెండోజా రాష్ట్రంలోని గ్వాల్టయారీలో, దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఆడ్రియానా తోట వేయిస్తానంటే అక్కడ మాల్బెక్ పండదని తోట చూసే మనిషే చెప్పాడట. పగలు మండే ఎండకి తొక్క మందమై రంగూ వగరూ పడతాయి, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. మెండోజాలో ఏడాదికి కురిసేది 200 మిల్లీమీటర్లు, మా అనంతపురం వానలో సగం కూడా కాదు. తోటలు బతికేది ఆండీస్ మంచు కరిగి కాలువల్లో వచ్చే నీళ్ల మీదే. ఆల్టాలో ఈ తోట పంటతో పాటు లున్‌లుంటాలో దిగువనున్న ఆంజెలికా తోట పంట కూడా కలుస్తుంది.

ఇక తిండి సంగతి. ఎండుమిరప కారం దట్టించిన కోడి వేపుడు పక్కన ఇది పెట్టకండి. 14 శాతం దగ్గరి ఆల్కహాల్ ఆ కారాన్ని ఇంకా రేపుతుంది, చెవుల్లోంచి పొగలే. మిరియాలు దంచి వేసిన మటన్ వేపుడు, అదీ కాస్త కొవ్వున్న ముక్కలతో అయితే వగరు మెత్తబడి రెండూ కలిసిపోతాయి. గోంగూర మాంసంతోనూ తట్టుకుంటుంది, పులుపు తక్కువున్న వైన్లయితే అక్కడ చప్పబడిపోతాయి.

అర్జెంటీనో లేబుల్ మీద నలుగురు ఆడవాళ్లు మాల్బెక్ చరిత్ర చెబుతారు. అందులో ఒకావిడ ఫ్రాన్స్ తోటల్ని తినేసిన ఫిలాక్సెరా పురుగు! బొమ్మకి పదికి పది. వైన్ మాత్రం కొత్తలో తెరిస్తే చెక్క వాసనే ముందుకొస్తుంది, ఏడెనిమిదేళ్లు పడుకోబెట్టే ఓపికుంటేనే కొనండి.

టెక్సస్ ఎండతో జాగ్రత్త. మా పేటలో ఒక కొట్టువాడు అద్దం పక్కన నిలబెట్టి అమ్మిన సీసా ఇంటికొచ్చి తెరిస్తే ఉడికిన ద్రాక్షే. బిరడా పైకి తోసుకొచ్చి ఉంటే వదిలేయండి. తాగే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఆల్టా అయితే గంట ముందే జగ్గులోకి వంచండి. ఎక్కడైనా 2016 పంట సీసా కనిపిస్తే తీసుకోండి. ఆ ఏడు మెండోజాలో చలీ వానా ఎక్కువ, అందుకే వైన్ ఒళ్లు కాస్త పలచన, పులుపు చురుకు. నాకైతే అదే ఇష్టం.