లిండెన్‌ముల్లర్ టోకెన్, 1863: కొన్నాక నా అభిప్రాయం

అమెరికా అంతర్యుద్ధంలో జనం నాణేలు దాచేసుకోవడంతో చిల్లర కరువై, వ్యాపారులే రాగి టోకెన్లు కొట్టించుకున్నారు. నేను కొన్నది న్యూయార్క్‌లో బార్ నడిపిన లిండెన్‌ముల్లర్ వేయించింది. ఒకవైపు ఆయన గడ్డం మొహం, రెండోవైపు బీరు మగ్గు. గడ్డంలో గీతలు ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి. రాగి దానంతటదే నల్లబడింది, ఎవరూ పాలిష్ పెట్టలేదు. నాకు కావాల్సింది అదే. ఈయన ఇలాంటి టోకెన్లు పది లక్షలకు పైగా వదిలాడట! ఛార్జీల కింద తమ దగ్గర పోగైనవాటికి డబ్బివ్వమని థర్డ్ అవెన్యూ రైల్‌రోడ్ అనే అక్కడి ట్రామ్ కంపెనీ అడిగితే కుదరదు పొమ్మన్నాడంటారు. గట్టివాడే. 1864లో ప్రైవేటు నాణేలను నిషేధిస్తూ చట్టం వచ్చాక ఈ వ్యవహారం ఆగింది.

అమ్మినవాళ్లు మాత్రం మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపారు. కొన్నాళ్లు అందులోనే ఉంటే రాగికి పచ్చటి జిగురు పడుతుంది. వెంటనే మార్చేశాను. ఒక స్టార్ కట్.