వానలో ఆగిన వైపర్లు, ఆటోనగర్‌లో ఒక సాయంత్రం

శ్రావణ శుక్రవారం దుర్గమ్మ దర్శనం చేయించాలని అమ్మను తీసుకుని గురువారం పొద్దున్నే ఒంగోలులో బయలుదేరాం. బండి 2007 ఆల్టో. గుంటూరు దాటేదాకా ఎండే. కాజ టోల్‌గేట్ దగ్గరకొచ్చేసరికి కుండపోత వాన. వైపర్లు నాలుగుసార్లు ఊగి అద్దం మధ్యలో ఆగిపోయాయి. అమ్మను పక్కన పెట్టుకుని ఎదురుగా ఏమీ కనపడకుండా హైవే మీద ఉండటం ఎంత టెన్షనో చెప్పలేను. పక్కకు తీసి వాన తగ్గేదాకా ఆగాం.

మంగళగిరిలో ఒక షాపతను బానెట్ కూడా ఎత్తకుండా మోటారు పోయిందన్నాడు. 3,200 అవుతుందట. నాకు నమ్మకం కుదరలేదు. ఇంజన్ ఆపి, తాళం తిప్పి, వైపర్ స్విచ్ వేసి విన్నాను. మోటారు గుయ్యిమంటోంది. అసలు శబ్దమే లేకపోతే ముందు ఫ్యూజు చూసుకోవాలి. మోటారు తిరుగుతూ రెండు వైపర్ చేతులూ కదలకపోతే మాత్రం మధ్యలో వాటిని మోటారుతో కలిపే లింకు ఊడినట్టే. ఒక్క చెయ్యే ఆగితే దాని మొదట్లో నట్టు వదులైందేమో చూడాలి.

వాన తెరిపివ్వగానే నెమ్మదిగా విజయవాడ చేరి, సరాసరి ఆటోనగర్ వెళ్లాం. అక్కడి మెకానిక్ పెద్దాయన ముందు వైపర్లు ఆగే చోట అద్దం మీద టేపు అంటించాడు, తిరిగి బిగించేటప్పుడు తేడా రాకుండా. అద్దం కింది ప్లాస్టిక్ కవరు తీస్తే, మోటారు నుంచి వచ్చే లింకు ఊడి కింద పడి ఉంది. దాన్ని పట్టి ఉంచే లోపలి చిన్న ముక్క, బుష్ అంటారు, అరిగిపోయింది. నేను బుష్ మార్చేయమన్నాను.

"ఒక్క బుష్ మారిస్తే మళ్లీ ఊడుద్ది బాబూ, ఇది తిప్పి చూడు" అన్నాడు. ఎడమవైపు వైపర్ చెయ్యి తిరిగే ఇరుసు చేత్తో తిప్పితే కదలనంత గట్టిగా ఉంది. గ్రీజు ఎండి పట్టేసింది. ఆ బరువంతా బుష్ మీద పడిందన్నమాట. ఇరుసు బయటికి తీసి, తుప్పు గీకి, కొత్త గ్రీజు పెట్టాడు. గట్టిపడిన రబ్బరు బ్లేడ్లూ మార్పించాను. అన్నీ కలిపి 1,150. అంత ఓపికగా చూపించి చెప్పే మనిషి దొరకడం మా అదృష్టం.

బస గాంధీనగర్‌లో అనుకున్నాం. స్టేషన్‌కి దగ్గరే గానీ, మేం చూసిన రెండు లాడ్జీల్లోనూ కారు పెట్టుకునే చోటు లేదు. పటమటలో 1,400కి గది తీసుకున్నాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది. అమ్మ మోకాళ్లకు అదే ముఖ్యం. కారుతో వచ్చేవాళ్లకు పటమటే మేలు.

శుక్రవారం దర్శనానికి మూడు గంటలు పట్టినా అమ్మవారిని తృప్తిగా చూశాం. మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి గుహలకు బయలుదేరాం. రాయిలో తొలిచిన అనంతపద్మనాభుడి కోసమైనా అక్కడికి వెళ్లాలి. మెట్లున్నాయి, పెద్దవాళ్లతో అయితే ఎండ తగ్గాక వెళ్లండి.

బ్యారేజీ మధ్యలో మళ్లీ వాన మొదలైంది. స్విచ్ వేశాను. అమ్మ అద్దంలోంచి కృష్ణమ్మకు దండం పెట్టుకుంది.