14416 టెలీ మానస్: హాస్టల్లో ఉంటూ వాడాక నా మాట

టెలీ మానస్ అంటే మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఇది ఫ్రీ అని, రాత్రీ పగలూ ఉంటుందని 2022లో మొదలైనప్పటి నుంచి అందరూ చెబుతున్నదే, అది వదిలేస్తున్నా. నాకు నచ్చింది ఒక్కటే, తెలుగులో మాట్లాడొచ్చు. నాకు అది చాలు.

అంతకుముందు మా కాలేజీ వాళ్లు ఒక వెల్‌నెస్ పోర్టల్ పెట్టారు. మొదటి గడిలోనే రిజిస్టర్ నంబరు. నంబరు ఇచ్చేశాక "ఈ మధ్య దిగులుగా ఉంటోందా" అంటే ఔనని ఎవడు నొక్కుతాడు? మా ఫ్లోర్ ఫ్లోరంతా లేదు, లేదు అని కొట్టేసింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ సెమిస్టర్‌లో నిద్రపట్టని వాళ్లు మాలో చాలామందే.

నేను మొదట ఫోన్ చేసింది మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పరీక్ష ముందు రాత్రి. గుండె దడ, అరచేతుల్లో చెమటలు, అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ బుర్రకెక్కట్లేదు. తెలుగు నొక్కితే ఒక మేడం ఎత్తారు. పేరు చెప్పమని పట్టుబట్టలేదు. మాది టెక్కలి వైపు, టెన్షన్‌లో నోటికొచ్చేది మా యాసే, "ఏటో అయిపోతన్నాది మేడం" అన్నాను. ఆవిడ "బాబూ, రాత్రి ఏం తిన్నావు?" అనడిగారు. టీ తప్ప ఏమీ లేదు. ధైర్యంగా ఉండు లాంటి మాట ఒక్కటీ అనలేదు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు అని ఫోన్లోనే నాతోపాటు లెక్కపెట్టారు, ఆ తర్వాత ఏ యూనిట్లు వచ్చో అడిగి, రానివాటిని ఆ రాత్రికి పక్కన పెట్టించారు. మార్కుల సంగతి వేరు, హాల్లో మాత్రం చేతులు వణకలేదు.

తర్వాత కూడా చేస్తూనే ఉన్నాను. తెలుగు చాలన్నాను కదా, మాట్లాడే చోటు కూడా కావాలి. నలుగురుండే గదిలో మనసులో మాట ఏం చెప్పుకుంటాం? టెర్రస్ ఎక్కితే సముద్రం గాలికి నా మాట నాకే వినబడదు. పొద్దున్నే వైజాగ్ బీచ్ రోడ్డులో బండ్లు రానివ్వని టైములో నడుస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నా, మాకు దగ్గర కాబట్టి కుదిరింది. గాజువాక వైపు వాళ్లు వేరే చోటు చూసుకోవాలి.

పైగా నాది పరీక్షల టెన్షన్, నిద్ర గొడవ, అంతే. మా రూమ్మేట్‌కి వారాల తరబడి అన్నం సయించలేదు, వాడికి ఫోన్ ఒక్కటే సరిపోలేదు, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి తీసుకెళ్లాం, మందులు వాడాక తేరుకున్నాడు. నేనైతే అయిదుకి అయిదు ఇస్తా, వాణ్నడిగితే ముందు ఓపీకి వెళ్లమంటాడు.