హ్యాండిల్‌ను 9 సెంటీమీటర్లు లేపి, 6 దగ్గర ఆగాను: సైకిల్ రైజర్‌తో మూడేళ్ల అనుభవం

నా సైకిల్ హ్యాండిల్‌కు రైజర్, అంటే దాని ఎత్తు పెంచే చిన్న గొట్టం, బిగించి ఈ వేసవికి మూడేళ్లు నిండాయి. ఈ మూడేళ్లలో దాని మీద వేల కిలోమీటర్లు తిరిగాను. వారంలో నాలుగు రోజులు హైదరాబాద్‌లోని మెహిదీపట్నం నుంచి టోలిచౌకి మీదుగా గచ్చిబౌలిలోని ఆఫీసుకు వెళ్లి వస్తాను. ఆదివారాలు నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద గంటో రెండు గంటలో తొక్కుతాను. ఏడాదికి ఒకసారైనా వికారాబాద్ దాకా వెళ్తాను. బిగించిన మొదటి వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే సగం సంగతులు తప్పుగా రాసి ఉండేవాణ్ణి. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

సైకిల్ మామూలు హైబ్రిడ్ రకం. అల్యూమినియం ఫ్రేము, తిన్నటి హ్యాండిల్, ముందు చక్రాన్ని పట్టుకునే ఉక్కు ఫోర్కు, వెనుక ఎనిమిది గేర్లు. 2021లో కొన్నప్పుడు దాని పట్టులు సీటు కంటే 4 సెంటీమీటర్లు కిందకు ఉండేవి. దుకాణం ముందు నాలుగు చుట్లు తొక్కి చూసినప్పుడు అది ఇబ్బందిగా అనిపించలేదు సరికదా, ముందుకు వంగి కూర్చుంటే వేగంగా పోతున్నానన్న ఉత్సాహం కూడా కలిగింది. రోజూ 20 కిలోమీటర్లకు పైగా తొక్కడం మొదలుపెట్టిన రెండో నెలలో కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కడం ఆరంభమైంది. మొదట్లో దిగి చెయ్యి విదిలిస్తే పోయేది. తరువాత ఆఫీసులో కూర్చున్న గంట వరకు కూడా ఆ రెండు వేళ్లూ నావి కానట్టే ఉండేవి. దానికి తోడు మెడ వెనుక ఒక నొప్పి పట్టుకుంది. అరచేతి అడుగుభాగం మీద బరువు మోపి గంటల తరబడి ఉండడం వల్ల అక్కడి నుంచి ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం నలుగుతోందని డాక్టరు చెప్పారు. నడుము పై భాగం బరువంతా చేతుల మీద పడకుండా చూసుకొమ్మన్నారు. ముందుకు వంగిన ఒంటి మీద తలను పైకెత్తి రోడ్డు చూడాలంటే మెడను వెనక్కు విరిచి ఉంచాల్సిందే కనుక, మెడనొప్పికి కూడా కారణం అదేనని నాకు అర్థమైంది.

మా నాన్నగారి నల్ల సైకిల్ మీద ఈ బాధలేవీ ఉండేవి కావు. ఆ సైకిల్ హ్యాండిల్ సీటు కంటే ఎత్తులో ఉండి, కొసలు వెనక్కు తిరిగి ఉండడంతో మనిషి వీపు నిటారుగా నిలిచేది. అలాంటి పాత సైకిళ్లలో ఎత్తు పెంచడం కూడా తేలిక. పైనున్న బోల్టును నాలుగు చుట్లు వదులు చేసి, సుత్తితో మెల్లగా ఒక దెబ్బ వేస్తే లోపలి బిగింపు ఊడి, హ్యాండిల్ కాడ పైకి వస్తుంది. కాడ మీద చెక్కిన గీత బయటకు కనపడేంత వరకు లాగకూడదన్న ఒక్క నియమం పాటిస్తే చాలు. ఇప్పటి సైకిళ్ల నిర్మాణం వేరు. ఫోర్కు గొట్టం పైదాకా వస్తుంది, దాన్ని స్టెమ్, అంటే హ్యాండిల్‌ను ఆ గొట్టానికి కలిపే పొట్టి కాడ, బయటి నుంచి పట్టుకుంటుంది, ఫ్యాక్టరీలో ఆ గొట్టాన్ని ఎంతకు కోశారో అంతవరకే ఎత్తు దొరుకుతుంది.

అందువల్ల మొదట ఖర్చులేని పని చేశాను. నా స్టెమ్ 90 మిల్లీమీటర్ల పొడవు, 7 డిగ్రీల వంపు ఉన్నది. దాన్ని వంపు కిందకు ఉండేలా బిగించి ఇచ్చారు. ఊడదీసి తలకిందులుగా తిప్పి బిగిస్తే హ్యాండిల్ 2 సెంటీమీటర్లు పైకి వచ్చింది. ఇల్లు దాటి వెళ్లకుండా, ఎలెన్ కీ అనే ఆరు పలకల పనిముట్టు ఒక్కదానితో అరగంటలో అయ్యే ఈ పనిని ఎవరైనా సరే ముందు చేసి చూడాలని గట్టిగా చెబుతాను. చాలామందికి అక్కడితో సరిపోవచ్చు. నాకు తిమ్మిరి సగం తగ్గింది, మెడనొప్పి మాత్రం అలాగే ఉండిపోయింది.

తరువాతి మెట్టు రైజర్. కురచ గొట్టంలా ఉండే ఈ అల్యూమినియం ముక్క అడుగుభాగం ఫోర్కు గొట్టాన్ని పట్టుకుంటుంది. పై భాగం అదే లావున, అంటే 28.6 మిల్లీమీటర్ల వ్యాసంతో, ఫోర్కు గొట్టానికి కొనసాగింపులా నిలుస్తుంది. స్టెమ్ ఇప్పుడు దానిమీద కూర్చుంటుంది. స్టెమ్ కింద స్పేసర్లు అనే రింగులు ఎన్ని వేస్తే అంత ఎత్తు. నాకు 650 రూపాయలకు దొరికింది. బిగించిన దుకాణంవారు ఉన్న రింగులన్నీ కిందే వేశారు. మొత్తం మీద హ్యాండిల్ మొదటి స్థానం కంటే 9 సెంటీమీటర్లు పైకి, సీటు కంటే 5 సెంటీమీటర్లు ఎత్తుకు వెళ్లింది.

మొదటి వారం హాయిగా గడిచింది. వేళ్లు తిమ్మిరెక్కలేదు, మెడ తేలికపడింది, ట్రాఫిక్‌లో ఆటోల పైనుంచి ముందున్న కూడలి కనపడడం కొత్తగా అనిపించింది. ఇబ్బందులు ఒక్కటొక్కటిగా తరువాత బయటపడ్డాయి.

అన్నిటికంటే ముందు గేర్లు. నెమ్మదిగా యూటర్న్ తీసుకునేటప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పగానే వెనుక గేరు తనంతట తానే మారిపోయేది. హ్యాండిల్ పైకి వెళ్లిందే గాని గేరు కేబుల్ పొడవు పాతదే కావడంతో, తిప్పినప్పుడల్లా అది బిగుసుకుని లాగుతోంది. బ్రేకు కేబుల్‌కు ఇదే జరిగితే మలుపులో బ్రేకు దానంతట అదే పడే ప్రమాదం ఉంది. ఎత్తు పెంచిన రోజే సైకిల్‌ను నిలబెట్టి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఏ కేబులూ బిగదీసుకోవడం లేదని చూసుకోవాలి. నేను గేరు కేబులూ దాని పై తొడుగూ పొడవైనవి వేయించుకున్నాను. నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులున్నవారికి ఇది ఇంకొంచెం పెద్ద పని, ఎందుకంటే నూనె గొట్టం మార్చి అందులో చేరిన గాలి తీయించాల్సి వస్తుంది.

రెండో ఇబ్బంది నన్ను నిజంగా భయపెట్టింది. ఒక సాయంత్రం టోలిచౌకి ఫ్లైఓవర్ దిగుతుండగా ముందు చక్రం ఒక గుంతలో పడింది. చక్రం తిన్నగానే పోతోంది, నా చేతిలోని హ్యాండిల్ మాత్రం ఎడమకు తిరిగి ఉంది. అదృష్టవశాత్తు వెనుక వాహనాలు దూరంగా ఉండడంతో పక్కకు తీసి ఆగగలిగాను. ఇంటికి వచ్చి ఊడదీసి చూస్తే రైజర్ లోపలి వైపు, ఫోర్కు గొట్టం మీద దట్టంగా గ్రీజు పూసి ఉంది. బిగించినవారు మంచికే అనుకుని పూసి ఉంటారు. గ్రీజు బోల్టు మరలకు ఉండాలి, ఒకదాన్నొకటి పట్టుకుని నిలవాల్సిన గొట్టాల మధ్య ఉండకూడదు. రెండింటినీ గుడ్డతో శుభ్రంగా తుడిచి నేనే మళ్లీ బిగించాను. బిగింపు క్రమం కూడా ముఖ్యం. ముందు పైమూత బోల్టును మెల్లగా బిగించి, ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకు వెనక్కు ఊపుతూ, ఫ్రేము తల దగ్గరి సందులో వేలు పెట్టి చూడాలి. అక్కడ టకటక కదలిక తెలియకూడదు. అలాగని హ్యాండిల్ బిర్రుగా తిరగకూడదు. ఆ తరువాత చక్రానికి హ్యాండిల్‌ను సూటిగా పెట్టి, పక్క బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఎంత బలంతో బిగించాలో తెలిపేలా నా స్టెమ్ మీద 5 న్యూటన్ మీటర్లు అని ముద్రించి ఉంది. అంతే బలం వాడడానికి టార్క్ రెంచి ఒకటి కొనుక్కున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో రైజర్ కంటే ఎక్కువ ఖరీదైన వస్తువు అదే అయినా, ఆ ఖర్చుకు ఏనాడూ బాధపడలేదు.

అన్నీ బిగించాక మా అమ్మాయి గోళ్ల రంగు సీసా అడిగి తీసుకుని, కిందనున్న రింగు మీదుగా రైజర్ మీదికి ఒకటి, రైజర్ నుంచి రింగుల మీదుగా స్టెమ్ మీదికి ఇంకొకటి, వెంట్రుక మందాన నిలువు గీతలు గీశాను. పై గీత విరిగితే స్టెమ్ తిరిగినట్టు. కింది గీత విరిగితే రైజరో రింగో కదిలినట్టు, వెంటనే ఆగి చూసుకోవాలి. ప్రతి ఉదయం తాళం తీసేటప్పుడు ఒక్కసారి చూపు వేస్తాను. ఇన్ని వేల కిలోమీటర్లలో అవి ఒక్కసారీ విరగలేదు.

మూడో ఇబ్బంది ఎత్తుదే. చక్రం మీద బరువు తగ్గడంతో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు ఎక్కేటప్పుడు ముందు చక్రం దారి వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ తిరిగేది. ఇంతకు ముందు చేతులు మోసిన బరువు ఇప్పుడు సీటు మీద పడడంతో, గంట దాటితే కూర్చోవడం కష్టమయ్యేది. ఇక గాలి సంగతి. సోలార్ ట్రాక్ 23 కిలోమీటర్ల పొడవున 2023 అక్టోబరులో ప్రారంభమైనప్పటి నుంచి నా ఆదివారాలు అక్కడే గడుస్తున్నాయి. పైన సోలార్ పలకల నీడ ఉన్నా పక్కలు తెరిచే ఉంటాయి. రైజర్ ఎంత లేపినా అక్కడ బాగానే ఉంటుందని మొదట అనుకున్నాను. ఆషాఢ గాలి లేచాక నార్సింగి నుంచి కొల్లూరు వైపు తొక్కితే, నిటారుగా ఉన్న ఛాతీ తెరచాపలా గాలికి అడ్డం నిలబడి, పక్కవారంతా దాటిపోతుంటే నేను రెండు గేర్లు తగ్గించి ఈడ్చుకుపోవాల్సి వచ్చింది. గాలి ఆపే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఆఫీసు దారిలో 15 కిలోమీటర్ల వేగం దగ్గర తెలియని తేడా ఇక్కడ 25 దగ్గర కొట్టొచ్చినట్టు తెలిసింది.

కోఠీ ఇసామియా బజార్‌లో ఏదో విడిభాగం కోసం వెళ్లినప్పుడు అక్కడి వృద్ధ మెకానిక్ నా సైకిల్ వైపు చాలాసేపు చూసి, "సారూ, హ్యాండిల్ లేపితే అయిపోదు, ఎంత దగ్గరికొచ్చిందో చూడాలె. సీటు ముక్కు కిందికి వంచుకున్నరు, అది ముందు సాపు చెయ్యుండ్రి" అన్నాడు. ఆయన మాటతోనే నాకు అసలు విషయం తెలిసింది. ఫోర్కు గొట్టం వెనక్కు వాలి ఉంటుంది కనుక హ్యాండిల్ దాని వెంట 3 సెంటీమీటర్లు పైకి పోతే దాదాపు 1 సెంటీమీటరు మన వైపు వస్తుంది. అంటే నేను ఎత్తు మాత్రమే మార్చాననుకుంటూ దూరాన్ని కూడా మార్చేశాను. 9 సెంటీమీటర్ల దగ్గర నా మోచేతులు ఒంటికి ఆనుకుపోయి, భుజాలు పైకి లేచి ఉండేవి. సీటు ముక్కును నేను ఏనాడో కిందికి వంచుకుని ఉన్నాను. దానివల్ల ఒళ్లు ముందుకు జారుతుంటే చేతులతో ఆపుకుంటున్నాను. తిమ్మిరికి అది కూడా ఒక కారణమని అంతవరకు తట్టలేదు.

సీటును నీటిమట్టం పెట్టి సమంగా చేశాను. స్టెమ్ కింద ఉన్న రింగుల్లో 3 సెంటీమీటర్ల మేర తీసి స్టెమ్ పైన వేశాను. ఇలా కిందివి పైకి, పైవి కిందకు మార్చుకుంటూ గొట్టం కోయకుండా ఎత్తు సరిచూసుకునే వీలు రైజర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. ఇప్పుడు హ్యాండిల్ మొదటి స్థానం కంటే 6 సెంటీమీటర్లు పైన, సీటు కంటే 2 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. మోచేతులు కొంచెం వంగి వదులుగా ఉంటాయి. ఎక్కేటప్పుడు ముందుకు వంగితే చక్రం నేలను పట్టుకుంటుంది. సీటును కొంచెం వెడల్పైనదానితో మార్చాక ఆ బాధ కూడా పోయింది. గాలిలో ఇప్పటికీ కొంత వెనకబడతాను, అది ఒప్పుకున్న నష్టమే. వికారాబాద్ వెళ్లి వచ్చిన రోజున కూడా వేళ్లు తిమ్మిరెక్కకపోవడం నాకు దానికంటే విలువైనది.

ఇది అందరికీ పనికొచ్చే వస్తువు కాదు. కార్బన్ గొట్టమున్న ఫోర్కుకు ఇలాంటి రైజర్ బిగించకూడదు, పట్టు ఒత్తిడికి అది పగిలే అవకాశం ఉంది. సైకిలే మన కొలతకు పెద్దదైతే రైజర్ ఆ తప్పును కప్పిపుచ్చుతుందే గాని సరిచేయదు. కోణం మార్చుకునే కీలు స్టెమ్‌ను ఒక మిత్రుని సైకిల్ మీద నెల రోజులు తొక్కాను. గతుకుల రోడ్ల మీద దాని కీలు కిర్రుమంటూ ప్రతి వారం బిగించమనేది, నాకు నచ్చలేదు.

రైజర్ మీది నల్లరంగు, బోల్టుల చుట్టూ పెచ్చులు లేచింది. చెమట, వాన తడికి రెండు బోల్టులు తుప్పు పట్టాయి. వాటిని తుప్పు పట్టని ఉక్కు బోల్టులతో మార్చి, మరలకు గ్రీజు పూశాను. ప్రతి వానాకాలం ముందు ఒకసారి అంతా ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించి, గోళ్ల రంగు గీతలు కొత్తగా గీస్తున్నాను. ఈ ఏడాది గీతలు కూడా మొన్న ఆదివారమే గీశాను.