బబుల్ సీప్యాప్: కొనేముందు, పెట్టాక

నెలలు నిండని బిడ్డ వార్మర్ మీద డొక్కలెగరేస్తూ, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగుతోందంటే, చాలాసార్లు కారణం ఊపిరితిత్తులు ముడుచుకోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలకపోవడమే. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోతుంటే వాటిని తెరిచి ఉంచడానికి బిడ్డ పడే ప్రయాసే ఆ మూలుగు. నవజాత శిశు మరణాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మొదటి వారంలోనే జరుగుతాయి. వాటికి ప్రధాన కారణాలు నెలలు నిండకపోవడం, కాన్పులో ఊపిరాడకపోవడం, ఇన్ఫెక్షన్. మొదటి కోవ బిడ్డల కోసం జిల్లా ఆసుపత్రిలోని జబ్బుపడ్డ పసికందుల వార్డు ఎస్‌ఎన్‌సీయూ ముందుగా ఏం కొనాలంటే మా ఓటు బబుల్ సీప్యాప్‌కే. అంటే ముక్కు ద్వారా ఎడతెగని ఒత్తిడితో గాలినిచ్చి ఊపిరితిత్తులను తెరిచి ఉంచే యంత్రం. వెంటిలేటర్ మాట ఆ తర్వాత.

లోపల పెద్ద మంత్రమేమీ లేదు. గాలీ ఆక్సిజనూ కలిపే బ్లెండర్, ఆ గాలిని 37 డిగ్రీలకు వెచ్చబెట్టి తడినిచ్చే హ్యూమిడిఫయర్, ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు (ప్రాంగ్స్), బయటికొచ్చే గొట్టం మునిగి ఉండే నీళ్ల సీసా. గొట్టం కొస నీళ్లలో ఎన్ని సెంటీమీటర్లు మునిగితే అంత ప్రెషర్. మామూలుగా 5 సెంటీమీటర్లు, నిమిషానికి 5 నుంచి 8 లీటర్ల ఫ్లో, 30 శాతం ఆక్సిజన్‌తో మొదలుపెట్టి, రక్తంలో ఆక్సిజన్ నిండుదల (సాచురేషన్) 90–95 శాతం మధ్య నిలిచేలా సర్దుకుంటారు.

చవక మోడళ్లను తీసిపారేయనక్కర్లేదు. మలావీలోని బ్లాంటైర్‌లో చేపల తొట్టి పంపులతో నడిచే యంత్రాన్ని 87 మంది బిడ్డల అధ్యయనంలో చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. ముక్కుకు ఉత్త ఆక్సిజన్ పెట్టినవాళ్లలో 44 శాతం బతికితే, దీనిమీద ఉన్నవాళ్లలో 71 శాతం బతికారు. చీటీ వేసి విడదీసిన గుంపులు కావు, అధ్యయనమూ చిన్నదే. అయినా ఆ తేడా కొట్టిపారేసేది కాదు.

ఇక వాడకం. అసలు పరీక్ష ఇక్కడే.

బుడగలు ఆగిపోయాయంటే ఎక్కడో గాలి కారుతోంది. ప్రాంగ్స్ ముక్కులోంచి తీసి వేళ్లతో మూయండి. బుడగలు మళ్లీ వస్తే గొట్టాలు బాగానే ఉన్నట్టు, లీకు ముక్కు దగ్గరో, తెరుచుకున్న నోటి దగ్గరో ఉంది. రాకపోతే హ్యూమిడిఫయర్ మూత, గొట్టాల అతుకులు ఒక్కొక్కటిగా చూడాలి. అలాగని బుడగలు వస్తున్నాయని నిశ్చింతగా ఉండకూడదు. ఫ్లో బాగా పెంచితే ప్రాంగ్స్ ముక్కులోంచి జారిపోయినా బుడగలు రావచ్చు. కళ్లు సీసా మీద కాదు, బిడ్డ ఛాతీ మీద ఉండాలి.

సీసాలో నీళ్లు తగ్గుతాయనే అందరూ అనుకుంటారు. తరచు జరిగేది దానికి తిరగబడి: గొట్టంలో చేరిన తడి జారి సీసాలోకి వస్తుంది, మట్టం పెరుగుతుంది, 5 అనుకున్న ప్రెషర్ తెలియకుండానే 7 అవుతుంది. అదనపు నీరు దానంతటదే బయటికిపోయే దారి ఉన్న సీసానే ఎంచుకోండి.

ప్రాంగ్స్ రంధ్రానికి సరిగ్గా సరిపోవాలి. చర్మం తెల్లబడితే పెద్దది. చిన్నదైతే గాలి కారుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడకూ ప్రాంగ్స్‌కూ 2 మిల్లీమీటర్ల సందు తప్పనిసరి. రాత్రి షిఫ్టులో ప్రాంగ్స్ ఆ గోడకు ఒత్తుకుపోయి, తెల్లారేసరికి అది ఎర్రబడి, పట్టించుకోకపోతే పుండై తెగిపోయేదాకా పోతుంది. పొట్టలోకి గాలి చేరి ఉబ్బుతుంది కాబట్టి నోటిగుండా వేసిన గొట్టం కొసను తెరిచే ఉంచాలి. ఉన్నట్టుండి సాచురేషన్ పడిపోయి ఛాతీ ఒకవైపే ఎగురుతుంటే న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుమానించాలి.

మేం గట్టిగా తప్పుపట్టేది ఒక్కటి: మామూలు గాలినిచ్చే కంప్రెసర్, బ్లెండర్ లేకుండా సిలిండర్‌కే తగిలించే సెట్లు. వాటిలో బిడ్డకు వెళ్లేది నూరు శాతం ఆక్సిజన్. ప్రాణం నిలిచినా కంటి వెనక పొర రెటీనా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. ఆక్సిజన్ ఇస్తున్నంతసేపూ సాచురేషన్ 95 దాటగానే అలారం మోగాలి. 34 వారాలలోపు లేదా 2 కిలోలలోపు పుట్టిన బిడ్డకు నెల నిండేలోగా కంటి పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే.

యంత్రం చేయలేనివీ ఉన్నాయి. పుట్టగానే ఏడవక, సొంతంగా ఊపిరే తీయని బిడ్డకు ఇది పనికిరాదు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటాక పుట్టి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి సెప్సిస్‌లో ఉన్న బిడ్డకు యాంటీబయాటిక్స్ ఆలస్యమైతే ఏ ప్రెషరూ కాపాడదు. ఇంకోచోట పుట్టి, దారిలో చల్లబడి, 36 డిగ్రీలకన్నా కిందికి పడి వచ్చిన కిలోలోపు బిడ్డకు ముందు వెచ్చదనం కావాలి. 34 వారాలలోపు కాన్పు తప్పదనిపించినప్పుడు తల్లికి, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేలా, 12 గంటలకోసారి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, 4 డోసులు పడితే ఈ యంత్రం పని సగం తేలికవుతుంది. ఆక్సిజన్ 60 శాతం, ప్రెషర్ 7–8కి చేరినా సాచురేషన్ నిలవకపోతే, లేదా ఊపిరి పదేపదే ఆగుతుంటే, దీన్నే పట్టుకు వేలాడకుండా వెంటిలేటర్ ఉన్నచోటికి పంపాలి.

5కి 4 మార్కులు. ఆ ఒక్క మార్కూ విడిభాగాల దగ్గర పోయింది. ఆర్డర్ రాసేటప్పుడు యంత్రం పక్కనే అన్ని సైజుల ప్రాంగ్స్, వాటిని కదలకుండా పట్టే టోపీలు, గొట్టాల సెట్లు ఏడాదికి సరిపడా రాయించండి. 2వ నంబరు ప్రాంగ్స్ ముందుగా అయిపోతాయి, కిలోంబావు నుంచి 2 కిలోల బిడ్డలకు ఎక్కువగా పట్టేది అదే.