వంద బూట్లు, ఒక లైబ్రరీ, మా వదిన

శాన్‌డియాగో వెళ్తున్నానంటే ఫీనిక్స్‌లో అందరూ అడిగింది ఒకటే: "జూకా, సీ వరల్డ్‌కా?" ఆ రెండూ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే అయిపోయాయి. ఈసారి నేను చూడాలనుకున్నది యూనివర్సిటీ కాంపస్. పిల్లల అడ్మిషన్ కోసం కాదులెండి, నా కోసమే. ఏడాదిగా సాయంత్రం పూట ఆర్ట్ హిస్టరీ క్లాసుకు వెళ్తున్నాను. అందులో ముగ్గురు యూదు స్త్రీల పేర్లు పదే పదే వచ్చాయి: మిరియం షపీరో, ఎలినార్ ఆంటిన్, మార్తా రాస్లర్. ముగ్గురూ స్త్రీవాద కళలో పేరున్నవాళ్లు. ఆ ముగ్గురి దారులూ 1960ల చివర, 70ల మొదట్లో ఆ కాంపస్, అంటే యూసీ శాన్‌డియాగో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), మీదుగానే వెళ్లాయి.

మా వదిన శాన్‌డియాగోలోనే 'మీరా మెసా' అనే పేటలో పద్నాలుగేళ్లుగా ఉంటోంది. కాంపస్ కారులో ఇరవై నిమిషాల దూరం, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. "సరే పద, నీ వంకన నేనూ చూస్తా" అంది.

2024 జూన్ మొదటి వారంలో వెళ్లాను. ఫీనిక్స్‌లో నూట పది డిగ్రీల ఫారెన్‌హీట్ మండుతుంటే అక్కడ స్వెట్టర్ వేసుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాకా సముద్రం మీది మబ్బు కదలదు. వాళ్లు దాన్ని 'జూన్ గ్లూమ్' అంటారు. ఫొటోల్లో నీలాకాశం కావాలనుకునేవాళ్లు సెప్టెంబరులో వెళ్లండి.

కాంపస్‌లో పార్కింగ్ వెతుక్కునే టెన్షన్ వద్దని నోబెల్ డ్రైవ్ స్టేషన్‌లో కారు పెట్టి ట్రాలీ (అక్కడి సిటీ రైలు) ఎక్కాం. ఈ బ్లూ లైన్ 2021 నవంబరులో కాంపస్ దాకా వచ్చింది. రెండున్నర డాలర్ల టికెట్, రెండో స్టేషన్‌లో దిగడం, అంతే. ఈ యాత్రలో డబ్బుకు తగ్గ సేవ ఏదంటే ఇదే.

కాంపస్ 1200 ఎకరాలు, దాన్ని కాలేజీలుగా విడగొట్టారు. ఒక్కో కాలేజీకి తన హాస్టళ్లు, తన భవనాలు, తన డైనింగ్ హాలు. అన్నీ పక్కపక్కన ఉన్న వేర్వేరు ఊళ్లలా ఉంటాయి. మ్యూర్ కాలేజీ మొత్తం బూడిదరంగు కాంక్రీటే. అక్కడి నుంచి రెండు మెట్ల వరసలు దిగి యూకలిప్టస్ తోపు దాటితే ఇంకో ప్రపంచం. చదువుకునే పిల్లలకు బాగానే ఉంటుందేమో, కొత్తవాళ్లకు మాత్రం ఎటు తిరిగినా ఊరి చివరే అనిపిస్తుంది. మంచి బూట్లు వేసుకోండి. వదిన చెప్పులతో వచ్చి పన్నెండింటికే "కాళ్లు పీకుతున్నాయి" అంది.

గైసెల్ లైబ్రరీ దగ్గర మాత్రం ఆ మాట మర్చిపోయింది. విలియం పెరేరా డిజైన్ చేశాడు, 1970లో తెరిచారు. ఏటవాలు కాంక్రీటు కాళ్ల మీద గాజు అంతస్తులు ముందు పైకి వెడల్పవుతూ, మళ్లీ సన్నబడతాయి. చేతులు చాచి పుస్తకాల దొంతర ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. తర్వాత చోటు చాలకపోతే 1990ల్లో పక్కనే నేల కిందికి కట్టారు గానీ ఈ ఆకారాన్ని కప్పలేదు. ఆ తెలివికి దండం పెట్టాలనిపించింది. ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. పరీక్షలు దగ్గరపడ్డ రోజులు కాబట్టి ఎనిమిదో అంతస్తులో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. కిటికీ దగ్గర నిలబడితే ఒక పక్క తోపు, ఆ వెనక మబ్బులో కలిసిపోయిన సముద్రం. ఈ ఊరికి వస్తే ఇదొక్కటైనా చూడండి.

లైబ్రరీకి దారి ఒక పాము. అలెక్సిస్ స్మిత్ 1992లో చేసిన 'స్నేక్ పాత్' 560 అడుగుల పొడవు, పలకరాళ్ల పొలుసులతో కొండవాలు మీద మెలికలు తిరుగుతూ వెళ్తుంది. పాము మీద కాలు పెట్టనని వదిన గడ్డిలో నడిచింది. నిజంగానే!

ఇలాంటి శాశ్వత కళాకృతులు కాంపస్ నిండా ఉన్నాయి, స్టూవర్ట్ కలెక్షన్ అంటారు. టిమ్ హాకిన్సన్ 'ఎలుగుబంటి' ఎనిమిది బండరాళ్లు, 180 టన్నులు. డో హో సు చేసిన చిన్న ఇల్లు ఏడంతస్తుల భవనం అంచున పడబోతూ వేలాడుతుంటుంది. దాని లోపలికి వారంలో కొన్ని గంటలే వెళ్లనిస్తారు, ముందే చూసుకోండి. నాకు నచ్చింది టెర్రీ అలెన్ 'చెట్లు'. భవనాల కోసం తీసేసిన యూకలిప్టస్ చెట్లకు సీసపు రేకులు తొడిగి మళ్లీ నిలబెట్టాడు. ఒకటి పాడుతుంది, ఒకటి మాట్లాడుతుంది, లైబ్రరీ ముందుది మౌనం. తోపులో నడుస్తుంటే ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడి, వదిన తన ఫోనేనేమోనని బ్యాగులోంచి తీసి చూసుకుంది. చెట్టు దగ్గరికి వెళ్లి రేకు మీద చెయ్యి వేసి చూశాం. చల్లగా, మేకుల తలలు చేతికి తగులుతూ ఉంది. దూరం నుంచి బూడిదరంగు చెట్టే, దగ్గరికెళ్తే కవచం.

మైఖేల్ ఆషర్ పెట్టిన తాగునీటి ఫౌంటెన్‌ని అయితే దాటేసి పోయి మళ్లీ వెనక్కి వచ్చాం. ఆఫీసుల్లో ఉండే మామూలు నీళ్ల మెషీన్ ఆకారమే, గ్రానైట్‌లో చెక్కారు. ఎదురుగా జెండా స్తంభం, ఇక్కడ ఒకప్పుడు క్యాంప్ మాథ్యూస్ ఉండేదని చెప్పే బండ. మెరీన్ సైనికులకు తుపాకి కాల్చడం నేర్పిన చోటు అది, 1964లో మూసేశారు. కాంపస్ ఆ నేల మీదికి పెరిగింది. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ 1970 మేలో ఒక విద్యార్థి ఈ కాంపస్‌లోనే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు.

ఇదంతా మనసులో పెట్టుకుంటే ఆ ముగ్గురూ ఇంకోలా కనిపిస్తారు. షపీరో భర్త పాల్ బ్రాక్ ఇక్కడి ఆర్ట్ శాఖకు మొదటి అధిపతి, ఆమె లెక్చరర్. ఒక భౌతిక శాస్త్రవేత్త సాయంతో కంప్యూటర్ మీద ఆకారాలను తిప్పి చూసుకుని బొమ్మలు వేసింది. ఆ రోజుల్లో అలా చేసినవాళ్లు అరుదు. తర్వాత కాల్‌ఆర్ట్స్ అనే ఆర్ట్ కాలేజీకి వెళ్లి, ఇంకో కళాకారిణి జూడీ షికాగోతో కలిసి విద్యార్థినులతో 1972లో హాలీవుడ్‌లోని ఒక పాడుబడ్డ ఇంటిని గది గదినీ కళాకృతిగా మార్చే పని నడిపింది. అదే 'వుమన్‌హౌస్'. ఆ తర్వాత గుడ్డపీలికలు, చేతిరుమాళ్లు, లేసులు ఆమె కాన్వాసు ఎక్కాయి. మన అమ్మమ్మలు బొంత కుట్టినట్టే, కాకపోతే ఆ బొంత మ్యూజియంలో ఉంటుంది.

రాస్లర్ బ్రూక్లిన్ అమ్మాయి, ఇక్కడే 1974లో ఎంఎఫ్ఏ (కళలో మాస్టర్స్) చేసింది. పత్రికల్లోని వియత్నాం ఫొటోలను కత్తిరించి, అందమైన అమెరికా డ్రాయింగ్ రూముల ఫొటోల్లో అతికించేది. 1973లో కాంపస్ ఆర్ట్ గ్యాలరీలోనే గరాజ్ సేల్, అంటే ఇంట్లో పాత సామాన్ల అమ్మకం, పెట్టింది. మంచి సరుకు ముందు, లోపలికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గుతూ, పైకి చూపించుకోలేని సొంత వస్తువులు వెనక. ఇది చెప్తే వదిన పడీ పడీ నవ్వింది. ఇల్లు మారినప్పుడు తను పెట్టిన మూవింగ్ సేల్‌లో వెట్ గ్రైండర్ ముందు, పాత నైటీలు చివర.

ఇంత చేసినవాళ్లు కాంపస్‌లో ఎక్కడున్నారు? స్టూవర్ట్ కలెక్షన్‌లో నికి ద సాఁ ఫాల్, జెన్నీ హోల్జర్, బార్బరా క్రూగర్ లాంటి స్త్రీలు ఉన్నారు, ఈ ముగ్గురూ లేరు. కాంపస్ దాచుకున్నది బండరాయి, సీసం, కాంక్రీటు. వీళ్లు చేసినవి అమ్ముడైపోయే వస్తువులు, కూలగొట్టేసే ఇల్లు, పోస్టులో వెళ్లిపోయే కార్డులు (ఇవి ఆంటిన్‌వి, ఆమె సంగతి కాసేపట్లో చెప్తాను). వీళ్ల కోసం బయటికి వెళ్లాల్సిందే.

మర్నాడు సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాం, టూర్ ముందే బుక్ చేసుకోవాలట, తప్పు మాదే. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన ఆర్కిటెక్ట్ లూయీ కానే దీన్నీ కట్టాడు. ఐఐఎం చూశాను కాబట్టి పెద్దగా బాధపడలేదు.

ఆ రాత్రి సముద్రం పక్కన ఉందామని సోలానా బీచ్ వైపు ఒక మోటెల్‌లో గది తీసుకున్నాం. పేరు చెప్పను. 'ఓషన్ వ్యూ' అన్నారు, కిటికీ తెరిస్తే చెత్త డబ్బాలు, వాటి వెనక హైవే. బాత్రూం గోడకు చేరబడి మెడ తిప్పితే ఒక వేలెడంత సముద్రం. 189 డాలర్ల మీద పార్కింగ్ పేరుతో ఇంకో పాతిక. అడిగితే కౌంటర్లో కుర్రాడు "అందరూ ఇదే అంటారు" అని నవ్వాడు. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ వెళ్తే రాత్రికి మీరా మెసా వెళ్లిపోతాను. వదిన ఇంట్లో గోంగూర పచ్చడి, కాఫీ, ఉచిత పార్కింగ్.

సోలానా బీచ్ ఎందుకంటే, ఆ రోజుల్లో ఎలినార్ ఆంటిన్ ఉన్నది ఇక్కడే. 1935లో బ్రాంక్స్‌లో పుట్టింది, తల్లి పోలండ్‌లో యిద్దిష్ (యూరప్ యూదుల భాష) నాటకాల నటి. 1968లో భర్త, కవి డేవిడ్ ఆంటిన్ ఉద్యోగం కోసం పసిబిడ్డతో ఇటు వచ్చింది. 1972లో డైటింగ్ చేస్తూ 37 రోజులు రోజూ నాలుగు వైపుల నుంచి తన ఒంటిని ఫొటోలు తీయించుకుంది, మొత్తం 148. దానికి 'కార్వింగ్' అని పేరు పెట్టింది, శిల్పి రాయిని చెక్కినట్టు. గడ్డం పెట్టుకుని 'సోలానా బీచ్ రాజు'గా వీధుల్లో తిరిగి ప్రజల కష్టసుఖాలు కనుక్కుంది. 1975 నుంచి అదే కాంపస్‌లో పాఠాలు చెప్పింది.

నాకిష్టమైంది వంద బూట్లు. మిలిటరీ సరుకు అమ్మే కొట్లో కొన్న యాభై జతల నల్ల బూట్లను వరసగా పెట్టి ఫొటోలు తీయించి, 51 పోస్టుకార్డులు వేయించి, 1971 నుంచి 73 దాకా సుమారు వెయ్యి మందికి పంపింది. మొదటి కార్డులో బూట్లు పక్క ఊరు డెల్ మార్ బీచ్ ఇసుకలో సముద్రం వైపు తిరిగి ఉంటాయి. మనుషులు లేరు. ఆ యుద్ధకాలంలో మెరీన్ల ఊళ్లో ఖాళీ బూట్లు అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

డెల్ మార్‌లో గట్టు మీద రైలు వెళ్తుంటే కింద ఇసుకలో మా నాలుగు చెప్పులూ సముద్రం వైపు పెట్టి ఫొటో తీశాను. రెండో ఫొటోకి వదిన ఎడమ చెప్పు అలలో పోయింది. "నీ ఆర్టు తగలెయ్య" అంది.

కాంపస్ షాపులో లైబ్రరీ బొమ్మ ఉన్న కార్డు కొన్నాను. అక్కడే రెండు ముక్కలు రాసి గుంటూరులో అమ్మకు పోస్టు చేశాను. ఇరవై మూడు రోజులకు చేరింది. అమ్మ ఫోన్ చేసి, "అంతా బానే ఉందిగానీ, ఇంత దూరం పోయి వాటర్ ట్యాంకు బొమ్మ పంపావేంటే?" అంది.