చూడి గొర్రెలు ఈసుకుపోతే అనంతపురంలో మేం వెళ్ళిన పశు ల్యాబ్: నా రివ్యూ

ఐదుకు మూడున్నర ఇస్తున్నా. పనికి ఐదు, మాటకు రెండు. పేరు రాయడం లేదు. పని తెలిసినవాళ్ళ పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. నెల్లూరు జోడిపి గొర్రెల మంద ఉంది. ఈ ఏడు ఈనడానికి ఇంకా రెండు మూడు వారాలుందనగా చూడి గొర్రెలు ఒకదాని వెనక ఒకటి ఈసుకుపోయాయి. పడిన పిల్లలు పూర్తిగా ఎదిగినవే, ఒంటిమీద వెంట్రుక కూడా వచ్చింది, ఊపిరి మాత్రం లేదు. ఊళ్ళో కొందరు దిష్టి అన్నారు, కొందరు వేరుశనగ కట్టెకు బూజు పట్టిందన్నారు. మందుల షాపాయన పెన్సిలిన్ చేతిలో పెట్టాడు. దాంతో ఏమీ ఆగలేదు.

మా మామ చచ్చిన పిల్లను సంచిలో వేసుకుని ల్యాబ్‌కు వచ్చాడు. టెక్నీషియన్ సంచి విప్పి చూసి, "పిల్ల సరే పెద్దాయనా, మాయ యాడ?" అన్నాడు. పిల్లతో పాటు పడే ఆ పొరను, అదే మాయను, అప్పటికే కుక్కలు లాక్కుపోయాయి. ఈ జబ్బు ఆనవాళ్ళు బాగా దొరికేది మాయలోనేనని విసుక్కోకుండా చెప్పి పంపాడు. తర్వాత ఇంకో గొర్రె ఈసుకుపోయినప్పుడు గ్లౌజులు వేసుకుని మాయ ముక్క తీసి, రెండు కవర్లలో కట్టి, ఐస్ వేసిన థర్మాకోల్ డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాం. తీసేటప్పుడే తేడా తెలిసింది. పల్చగా ఉండాల్సిన పొర తోలులా దళసరెక్కి, పైన ఎర్రటి మురికి జిగురుతో ఉంది.

నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివానని తెలిసి స్లైడు నన్నే చూడమన్నాడు. నీలం రంగు మీద సన్నటి ఎర్ర చుక్కలు, గుంపులు గుంపులుగా. ఒక్కో చుక్క మిల్లీమీటరులో మూడు వేలో వంతు, అంటే మామూలు మైక్రోస్కోపుకు అందీ అందనంత. నాకు క్లామిడియా అనే బ్యాక్టీరియా అనిపించింది. ఆయన మాత్రం తొందరపడలేదు. "బ్రూసెల్లా, కాక్సియెల్లా లాంటి వేరే క్రిములు కూడా ఈ రంగులో ఎర్రగానే కనబడతాయక్కా, పీసీఆర్ రానీ" అన్నాడు. పీసీఆర్ అంటే క్రిమి జన్యువును బట్టి అది ఏదో తేల్చే పరీక్ష. పనికి ఐదు ఇచ్చింది ఇందుకే. స్లైడు చూసి అక్కడికక్కడే జబ్బు పేరు చెప్పేసి డబ్బులు తీసుకోవచ్చు, ఆయన ఆ పని చేయలేదు.

రిపోర్టు వచ్చేలోపు పాత పుస్తకాలు తిరగేశాను. ఆ ఎర్ర చుక్క బయట ఉన్నంతసేపు పెరగదు, చీలదు. గొర్రె కణంలోకి దూరాక ఒక సంచిలాంటి పొరలో ఉండి, ఉబ్బి పెద్దదై, చీలుతూ సంఖ్య పెంచుకుంటుంది. మళ్ళీ చుక్కలుగా మారి రెండు మూడు రోజుల్లో కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. పెన్సిలిన్ వేస్తే లోపల చీలడం ఆపి నక్కి ఉంటుంది తప్ప చావదు. 1907లో జావాలో ట్రకోమా అనే కంటిజబ్బు రోగుల కంటి పొరను గీకి చూసి, దీని అన్నదమ్ముల్ని మొదట గుర్తుపట్టింది హాల్బర్‌స్టేడ్టర్, ప్రోవాజెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. కణం బయట పెరగదు కాబట్టి చాలాకాలం వైరస్ అనే అనుకున్నారు. ఇంకో శాఖ చుట్టాలు నీళ్ళలో, మట్టిలో ఉండే అమీబాల కడుపులో బతుకుతున్నాయి. వాటి జన్యు సమాచారం సుమారు 24 లక్షల అక్షరాలు, మన గొర్రెల దానిది 11 లక్షల చిల్లర. రెండు శాఖలూ విడిపోయి 70 కోట్ల ఏళ్ళు అయి ఉంటుందని ఒక అంచనా. అన్నీ గొర్రె కణంలో రెడీగా దొరుకుతుంటే సొంత సరంజామా ఎందుకని మన గొర్రెల క్రిమి వదిలేసుకున్నట్టుంది. ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. గొర్రెలను పట్టేదాని గురించి మా పల్లెల్లో చెప్పేవాళ్ళే లేరు.

ఇక మాట సంగతి. పీసీఆర్ రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో, రెండే లైన్లు: క్లామిడియా అబార్టస్, పాజిటివ్. కౌంటర్ అమ్మాయి స్టాంపు వేసి, "డాక్టర్‌కు చూపించుకోండి" అని చేతిలో పెట్టింది. "ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్కరూ అడగలేదు. ఈ క్రిమి మాయ నుంచి, ఈనినప్పుడు పోయే నీళ్ళ నుంచి మనుషులకూ అంటుతుంది. గర్భిణికి అంటితే కడుపు పోవచ్చు, తల్లి ప్రాణం మీదికీ రావచ్చు. మా ఆడపడుచు ఏడో నెలతో పుట్టింట్లోనే ఉంది, పొద్దున్నే దొడ్డి ఊడ్చేది తనే. నాకు ఆ నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి ఆ రోజే ఆపించి, ఆమెను చూసే డాక్టరమ్మకు విషయం చెప్పాం. దొడ్డిలో తిరిగిన మామ బట్టలు కూడా ఇప్పుడు విడిగా ఉతుకుతున్నాం. చదువు లేని ఇంటికి అదే కాగితం వెళితే?

మా పశువుల డాక్టర్ మిగిలిన చూడి గొర్రెలకు బరువు చూసి లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్ వేశారు. నష్టం తగ్గుతుంది కానీ అప్పటికే చెడిన మాయ బాగుపడదని ముందే చెప్పారు. అన్నట్టే మరికొన్ని పోయాయి, చాలావరకు నిలబడ్డాయి. ఈసుకుపోయిన గొర్రె సాధారణంగా మళ్ళీ ఈసుకుపోదట. ఆ మాయను వాసన చూసి నాకిన పడ్డలతోనే, అంటే ఇంకా చూలు కట్టని పడుచు గొర్రెలతోనే టెన్షన్. జబ్బు లోపలే ఉండి వచ్చే చూలుకు గానీ బయటపడదు.

వెళ్ళేవాళ్ళు మాయ లేకుండా వెళ్ళకండి. మిగిలిన మాయలు, పిల్లలు సున్నం వేసి లోతుగా పూడ్చండి. పీసీఆర్‌కు ఖర్చు ఎక్కువే, ఒకటి రెండు గొర్రెలకు చేయిస్తే మంద సంగతి తెలిసిపోతుంది. ల్యాబ్ ఆదివారం మూత. కడుపుతో ఉన్నవాళ్ళ గురించి తెలుగులో ఒక కాగితం రాసి కౌంటర్ మీద అంటించమని ఓనర్‌ను అడిగాను. "చూద్దాం మేడం" అన్నాడు. మొన్న వెళ్ళినప్పుడు కూడా అక్కడ ఫోన్‌పే స్కానర్ ఒక్కటే ఉంది.